థాయ్ కాస్త వచ్చాక ఎక్కడ చదవాలి: బ్యాంకాక్‌లోనా, చియాంగ్ మైలోనా, ఇంట్లోనా?

బజారులో బేరమాడతారు. టాక్సీవాడికి దారి చెబుతారు. హోటల్లో కారం తగ్గించమంటే నిజంగానే తగ్గించి తెస్తారు. కానీ టీవీలో వార్తలు పెట్టగానే ఒక్క ముక్క అర్థం కాదు. ఆఫీసు మీటింగులో అందరూ నవ్వితే మీరూ నవ్వుతారు, ఎందుకో తెలియకుండానే. థాయ్ నేర్చుకునేవాళ్లలో చాలామంది ఈ మెట్టు మీదే ఏళ్ల తరబడి కూర్చుండిపోతారు. బ్యాంకాక్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ అలాగే రెండేళ్లు కూర్చున్నాను.

ఇక్కడి నుంచి పైకి వెళ్లడానికి దారులు చాలానే ఉన్నాయి. అవి ఇంగ్లీషువాళ్లకో జపాన్‌వాళ్లకో పనికొచ్చినంత మాత్రాన మనకూ అలాగే పనికొస్తాయని లేదు. తెలుగువాళ్లకు థాయ్‌లో కష్టమయ్యేది ఒకటి, మిగతావాళ్లకు కష్టమయ్యేది ఇంకొకటి. ముందు అది చూసుకోకపోతే మనకు సగం వచ్చిన దానికే మళ్లీ ఫీజు కట్టి కూర్చుంటాం.

పై స్థాయి థాయ్ అంటే ఏమిటో ఒక్క మాటతో చెప్తాను. తినడాన్ని మామూలుగా 'కిన్' అంటారు. కొంచెం మర్యాదగా అయితే 'థాన్'. రాతలోనూ సభలోనూ 'రప్‌ప్రథాన్'. భిక్షువు తింటే 'ఛన్', రాజు తింటే 'సవోయ్'. మనకిది వింతేమీ కాదు. తిన్నాడు, భోంచేశారు, స్వామి ఆరగించారు, సన్యాసి భిక్ష స్వీకరించారు అని మనమూ అంటాం. రాజుగారికి వాడే మాటల వరసనంతా అక్కడ 'రాచాసప్' అంటారు, అంటే రాజశబ్దం. అందులో ఖ్మేర్ (కంబోడియా భాష) మాటలూ సంస్కృత, పాళీ మాటలూ కలగలిసి ఉంటాయి. రోజూ రాత్రి టీవీలో రాజకుటుంబం వార్తలు వస్తాయి, అవి అర్థం కావాలంటే ఇది తప్పదు.

పత్రికలు, ప్రభుత్వం, కోర్టు, చదువు, మతం, ఈ థాయ్ అంతా సంస్కృతం, పాళీల మీద నిలబడింది. విశ్వవిద్యాలయం 'మహావిత్థయాలై', ప్రభుత్వం 'రత్థబాన్' అంటే రాష్ట్రపాల, ఫోను 'థోరసప్' అంటే దూరశబ్దం. అవకాశం 'ఓకాత్', ఆహారం 'ఆహాన్'. బ్యాంకాక్ విమానాశ్రయం పేరు రాతలో సువర్ణభూమి, నోట్లో 'సువన్నఫూమ్'. పలికేటప్పుడు చివరి అక్షరాలు మింగేస్తారు గానీ రాతలో మాత్రం సంస్కృత అక్షరాలను భద్రంగా దాచుకున్నారు. అందుకే థాయ్ చెవికి పరాయిగా ఉన్నా కంటికి చుట్టంలా కనిపిస్తుంది.

లిపిలోనూ మనకో సౌకర్యం ఉంది. థాయ్ హల్లులకు హై, మిడ్, లో అని మూడు తరగతులు, స్వరం (పలికేటప్పుడు గొంతు లేచే, దిగే తీరు) దాన్ని బట్టి మారుతుంది. విదేశీయులు ఈ 44 అక్షరాల తరగతులనూ బట్టీ పడతారు. మన క, ఖ, గ, ఘ, ఙ వరసే అక్కడా ఉంది. వర్గంలో మొదటిది మిడ్, రెండోది హై, మూడు నుంచి చివరిదాకా లో. శ, ష, స, హ హై, య, ర, ల, వ లో. కొన్ని అదనపు అక్షరాలు పక్కన పెడితే పని అయిపోయింది. ఈ సంగతి నాకు ఏ టీచరూ చెప్పలేదు. ఒకరోజు చార్టు చూస్తుంటే మా ఊరి బడిలో పలక మీద దిద్దిన వరస గుర్తొచ్చింది.

అలాగని అర్థాలన్నీ కలిసిపోతాయనుకుంటే బోల్తా పడతారు. 'మోహో' అంటే మోహం కాదు, కోపం. 'సొంగ్‌సాన్' సంసారం నుంచి వచ్చిన మాటే, కానీ అర్థం జాలి (సంసారులు దీని మీద ఏమంటారో నాకు తెలుసు). 'ఫయాయామ్' వ్యాయామమే, అక్కడ ప్రయత్నించడం. ఇక 'ప్రమాత్' ఉంది. మనకు ప్రమాదమంటే యాక్సిడెంటు, ముప్పు. వాళ్లకు అజాగ్రత్త. 'ఖప్ రోత్ దోయ్ ప్రమాత్' అంటే నిర్లక్ష్యంగా బండి నడపడం. నిజానికి సంస్కృతంలో అసలు అర్థం వాళ్లదే, జారింది మనం.

కాబట్టి వేరేవాళ్లకు అడ్వాన్స్‌డ్ థాయ్‌లో కొండలా కనిపించే పదజాలం మనకు సగం ఇంట్లోదే. మన గండం వేరే చోట ఉంది, చెవిలోనూ నోట్లోనూ.

తెలుగు అజంత భాష, ప్రతి మాటా అచ్చుతో ముగియాలి. థాయ్‌లో మాట చివర ప, త, క వస్తే పెదవో నాలుకో మూసి అక్కడే ఆపేయాలి, గాలి బయటికి వదలకూడదు. మనం చివర ఒక చిన్న 'ఉ' తగిలిస్తాం. పైగా మాట్లాడే తెలుగులో ఖ, థ, ఫల్లోని ఒత్తులు పోయి చాలాకాలమైంది. 'పా' అంటే పెద్దమ్మ, 'ఫా' అంటే బట్ట, రెండిటికీ స్వరం ఒకటే, తేడా అంతా ఒత్తులోనే. అక్కడ మన ఫ్యాను 'ఫ' పలికితే అది మూడో శబ్దం, ఆకాశం వైపు పోతుంది. ఇక ఐదు స్వరాలు సరేసరి. 'క్లాయ్' ఒక స్వరంలో దగ్గర, ఇంకో స్వరంలో దూరం. దారి అడిగినప్పుడు ఈ రెండిటికీ తేడా తెలియకపోతే ఎండలో ఎంత నడవాలో ఊహించుకోండి.

ఈ తప్పులు ఎవరూ దిద్దరు. అదీ అసలు చిక్కు. థాయ్‌లో 'క్రేంగ్‌జై' అని ఒక గుణం, మన మొహమాటానికి దగ్గరి చుట్టం. ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టకూడదన్న జంకు. మీరు ఎంత తప్పుగా మాట్లాడినా 'మీ థాయ్ చాలా బాగుంది' అంటారు. టీచర్లలో కూడా చాలామంది అంతే. కనుక పై స్థాయిలో ఏ చోటునైనా నేను తూచే ప్రశ్న ఒకటే: అక్కడ మొహమాటం లేకుండా దిద్దేవాళ్లు ఉన్నారా?

బ్యాంకాక్: చులాలోంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయం

ఊళ్లో అందరూ 'చులా' అంటారు. 1917లో పెట్టిన విశ్వవిద్యాలయం. విదేశీయుల కోసం నడిపే ఇంటెన్సివ్ థాయ్ కోర్సులో తొమ్మిది మెట్లు: మూడు బేసిక్, మూడు ఇంటర్మీడియట్, మూడు అడ్వాన్స్‌డ్. ఒక్కో మెట్టు ఐదు వారాలు, 100 గంటలు. అంటే రోజుకు నాలుగు గంటల తరగతి, ఆపైన హోంవర్కు. పరీక్ష రాసి నేరుగా పై మెట్టులో చేరవచ్చు. పై మూడు మెట్లలో పత్రికా వ్యాసాలు, చర్చలు, ప్రజెంటేషన్లు, వ్యాసరచన. నేర్పేది 'మధ్య థాయ్', అంటే బ్యాంకాక్ ప్రాంతపు అధికారిక భాష.

దీని బలం క్రమశిక్షణ. ఇక్కడ మార్కులుంటాయి, కాబట్టి దిద్దుతారు. రాత విషయంలో దీనికి సాటి నాకు కనబడలేదు. ఒక పేరా రాసి ఇస్తే ఎర్ర గీతలతో తిరిగి వస్తుంది, మన హైస్కూలు తెలుగు మాస్టారు గుర్తొస్తారు. ఆఫీసులో థాయ్‌లో మెయిళ్లు రాయాల్సినవాళ్లకు, అనువాదం వృత్తిగా పెట్టుకోవాలనుకునేవాళ్లకు, థాయ్‌లో బోధించే డిగ్రీలో చేరాలనుకునేవాళ్లకు ఇదే.

బలహీనతలు రెండు. ఒకటి, ఉద్యోగం చేస్తూ దీన్ని లాగడం కుదరదు. రెండు, పై మెట్లలో చాలా సమయం సంస్కృత, పాళీ మాటల జాబితాలకు పోతుంది. పక్కన కూర్చున్న కొరియా విద్యార్థికి ప్రతి మాటా కొత్తే కాబట్టి అది అవసరం. మీరు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. అందుకని ప్లేస్‌మెంట్ పరీక్షలో కొంచెం ధైర్యం చేసి పై మెట్టే అడగండి. చదవడంలో మీరు తేలిపోరు. మాట్లాడటంలో మొదటి రెండు వారాలు చెమటలు పడతాయి, పట్టనివ్వండి.

చియాంగ్ మై

1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన ఊరు, ఒకప్పటి ఉత్తరాది లాన్నా రాజ్యానికి రాజధాని. బ్యాంకాక్‌కు ఉత్తరాన దాదాపు 700 కిలోమీటర్లు. చియాంగ్ మై విశ్వవిద్యాలయం, పాయప్ విశ్వవిద్యాలయం రెండూ విదేశీయులకు థాయ్ నేర్పుతాయి. ఖర్చు తక్కువ, ఊరు చిన్నది, మనుషులు తీరిగ్గా మాట్లాడతారు. బ్యాంకాక్‌లో దుకాణంవాళ్లు మీ ముఖం చూడగానే ఇంగ్లీషులోకి దిగిపోతారు. ఇక్కడ అలా తక్కువ.

కానీ ఒక మెలిక ఉంది. తరగతిలో టీచరు చెప్పేది మధ్య థాయ్. గేటు దాటితే వినిపించేది 'ఖమ్ మువాంగ్', ఉత్తరాది భాష. దానికి స్వరాలు ఆరు, మాటలు వేరు. ఆడవాళ్లు మర్యాదకు వాక్యం చివర పెట్టే 'ఖా' బదులు 'చావ్' అంటారు. 'అరాయ్' అంటే ఏమిటి అన్నది 'అయంగ్' అవుతుంది. విజయవాడ తెలుగు నేర్చుకున్నవాణ్ణి శ్రీకాకుళం సంతలో వదిలినట్టు ఉంటుంది, ఇంకా ఎక్కువే అనుకోండి. స్వరాలింకా కుదరని వాళ్లకు ఇది చెరుపే చేస్తుంది. అవి కుదిరినవాళ్లకు మాత్రం ఇంతకంటే రుచికరమైన చోటు లేదు. లాన్నా లిపి, తాళపత్రాలు, గుడి గోడల మీది బొమ్మలు, అన్నీ అక్కడే ఉన్నాయి. సంస్కృతి కోసమే వెళ్తున్నామనేవాళ్లు ఇక వేరే చోటు వెతకక్కర్లేదు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ ఊరిని కమ్మేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ నెలలకు ఫీజు కట్టొద్దు.

ఈశాన్యాన ఖోన్ కేన్ వైపు వెళ్లే దారీ ఉంది, లావో భాషకు దగ్గరైన ఈసాన్ మాట్లాడే ప్రాంతం. బ్యాంకాక్ టాక్సీవాళ్లలో, కూలీల్లో చాలామంది ఊళ్లు అక్కడే. అక్కడ పనిచేసే స్వచ్ఛంద సంస్థలవాళ్లు తప్ప చదువు కోసం అటు వెళ్లమని నేను చెప్పను.

వినడమే చదువు అనే పద్ధతి

బ్యాంకాక్‌లోని ఏయూఏ భాషా కేంద్రంలో మార్విన్ బ్రౌన్ అనే అమెరికన్ భాషావేత్త 1984లో ఒక పద్ధతి మొదలుపెట్టాడు. విద్యార్థి మాట్లాడకూడదు, రాసుకోకూడదు, అనువాదం అడగకూడదు. ఇద్దరు టీచర్లు బొమ్మలు గీస్తూ, నటిస్తూ కబుర్లు చెప్పుకుంటుంటే వందల గంటలు వినడమే. పసిపిల్లలు నేర్చుకున్నట్టు మాట దానంతటదే వస్తుందన్నది సిద్ధాంతం.

సిద్ధాంతాన్ని నేను పూర్తిగా నమ్మను. పెద్దవాళ్లం పసిపిల్లలం కాము, కరెంటు బిల్లు కట్టాలి. కానీ చదవగలిగి, వినలేకపోయే మనలాంటివాళ్లకు ఇది సరైన మందు. యూట్యూబ్‌లో కాంప్రహెన్సిబుల్ థాయ్ అనే చానెల్ ఇదే తరహాలో ఉచితంగా పాఠాలు పెడుతుంది. రోజుకు ఒక గంట, ఆరు నెలలు వినండి. ఏ స్కూల్లో చేరినా చేరకపోయినా ఇది చేయండి. కాగితం మీద చూసి గుర్తుపట్టే 'ఓకాత్'ను మాటల మధ్య చెవి కూడా పట్టుకోవడం మొదలయ్యేది అప్పుడే.

వీసా కోసం నడిచే స్కూళ్లు

బ్యాంకాక్, పట్టాయా, చియాంగ్ మైలలో ప్రైవేటు భాషా పాఠశాలలు లెక్కలేనన్ని ఉన్నాయి. కొన్ని నిజంగా మంచివి. కొన్ని విద్యా వీసా ఇప్పించడానికే బతుకుతాయి. నేను ఒకచోట ఏడాది ఫీజు ఒకేసారి కట్టాను. 'అడ్వాన్స్‌డ్ బ్యాచ్' అన్నారు. వెళ్లి చూస్తే ఆరుగురం, ముగ్గురికి అక్షరాలు రావు. టీచరు పుస్తకం చదువుతుంది, మేం వెనక చెబుతాం. నాలుగో నెలలో మానేశాను, డబ్బు తిరిగి రాలేదు. పేరు చెప్పను గానీ గుర్తుపట్టే ఉపాయం చెప్తాను. ఫోన్ చేసినప్పుడు మీ స్థాయి అడగకుండా మీ పాస్‌పోర్టు అడిగితే ఫోను పెట్టేయండి. ఇమిగ్రేషన్‌వాళ్లు కూడా ఏళ్లకు ఏళ్లు విద్యార్థిగా ఉన్నవాళ్లను కౌంటర్లో థాయ్‌లో ప్రశ్నలు అడుగుతారు. ఆ రోజు పడే టెన్షన్ ముందు ఏ పరీక్షా పనికిరాదు.

డిగ్రీ చేయాలనుకుంటే

ఇక్కడ చాలామంది పొరబడతారు. చులాలో థాయ్ స్టడీస్ ఎంఏ ఉంది, పేరు చూసి థాయ్ వచ్చేస్తుందనుకుంటారు. అది ఇంగ్లీషులో నడిచే అంతర్జాతీయ కోర్సు. చరిత్ర, సమాజం, సాహిత్యం బాగా చెబుతారు, పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు గట్టి పునాది. భాష మాత్రం మీరు వేరే నేర్చుకోవాలి.

మనవాళ్లకు నేను ఎక్కువగా చెప్పేది శిల్పాకోర్న్ విశ్వవిద్యాలయం గురించి. పేరే శిల్పాకరం. దాని పురావస్తు విభాగం బ్యాంకాక్‌లో రాజప్రాసాదం ఎదురుగా ఉంటుంది. శాసనాలు, సంస్కృతం అక్కడి ప్రత్యేకతలు. యువరాణి సిరింధోర్న్ ప్రాచ్య శాసనశాస్త్రంలో ఎంఏ చేసింది ఇక్కడే, 2017లో మన దేశం ఆమెకు పద్మభూషణ్ ఇచ్చింది. థాయ్ లిపికి తల్లి ఖ్మేర్ లిపి, అమ్మమ్మ పల్లవ లిపి. మన లిపికీ ఆ పల్లవ లిపికీ దగ్గరి బంధుత్వం. కాకతీయ శాసనమో చాళుక్య శాసనమో చదివిన అలవాటు ఉన్నవాళ్లకు అక్కడ కాలు పెట్టగానే సగం దారి తెలిసినట్టు ఉంటుంది. చేరే ముందు మీకు కావలసిన పేపర్లు ఏ భాషలో చెబుతారో మాత్రం విడివిడిగా అడగండి.

రామాయణం మీద ఆసక్తి ఉంటే ఇంకో ఆకర్షణ. థాయ్ రామాయణం 'రామకియన్', అంటే రామకీర్తి. బ్యాంకాక్ రాజప్రాసాదంలోని వాట్ ఫ్రా కేవ్ ఆలయ ప్రాకారం నిండా ఆ కథ చిత్రాలే, మొత్తం 178. దాన్ని ముఖాలకు తొడుగులు వేసుకుని ఆడే ఖోన్ నాట్యాన్ని 2018లో యునెస్కో గుర్తించింది. అక్కడి హనుమంతుడు బ్రహ్మచారి కాడు, శృంగారపురుషుడు. వారధి కట్టేటప్పుడు రావణుడి కూతురు, మత్స్యకన్య సువన్నమచ్చాతో ప్రేమలో పడతాడు, మచ్చాను అనే కొడుకు పుడతాడు. విని చెవులు మూసుకోకండి, మన మైరావణ కథలో మత్స్యవల్లభుడు ఎవరి కొడుకో గుర్తు చేసుకోండి.

అమెరికాలో చదివే తెలుగు పిల్లలకు

అక్కడ యూనివర్సిటీల్లో ఆగ్నేయాసియా చరిత్రో, ఆంత్రోపాలజీయో, ప్రజారోగ్యమో చదివే మన పిల్లలు కొందరికి ఇంకో దారి ఉంది. విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో సీసీ (SEASSI) అనే ఆగ్నేయాసియా భాషల వేసవి సంస్థ ఎనిమిది వారాల్లో ఏడాది కోర్సు పూర్తి చేయిస్తుంది, అందులో థాయ్ ఒకటి. పై స్థాయివాళ్లను వేసవిలో చియాంగ్ మైకి పంపే కోర్సు ఫుల్‌బ్రైట్-హేస్ అనే అమెరికా ప్రభుత్వ నిధులతో నడుస్తూ వచ్చింది. ఈ నిధులు అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఆశ పెట్టుకోవద్దు. ప్రభుత్వ నిధులు కాబట్టి ఈ ఏడాది ఉన్నాయా అన్నది ముందు కనుక్కోండి. అమెరికా దౌత్య సిబ్బంది శిక్షణలో థాయ్‌కి 44 వారాలు, దాదాపు 1100 తరగతి గంటలు కేటాయిస్తారు. మూడు నెలల్లో అనర్గళంగా మాట్లాడిస్తామనే ప్రకటన కనబడితే ఆ లెక్క గుర్తు చేసుకోండి.

ఇంట్లోనే, ఆన్‌లైన్‌లో

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉద్యోగం వదల్లేనివాళ్లకు ఒక టీచరు, ఒక విద్యార్థి పద్ధతి మేలు. గుంపు తరగతి వద్దు. వారానికి రెండు గంటలు: ఒక గంట వార్త చదివి మీ మాటల్లో చెప్పడం, ఇంకో గంట మీరు మాట్లాడింది రికార్డు చేసి ఇద్దరూ విని దిద్దుకోవడం. రెండో గంటే అసలు చదువు. సొంత గొంతు వినడం మొదట్లో సిగ్గుగా ఉంటుంది, మాట చివర తగిలించే ఆ 'ఉ' వినబడ్డాక సిగ్గు పోయి పట్టుదల వస్తుంది.

నాకే మళ్లీ ఆరు నెలల సెలవు దొరికితే ఇలా చేస్తాను. మొదటి మూడు నెలలు ఇంట్లోనే, రోజూ వినడం, వారానికి రెండు గంటలు ఆన్‌లైన్ టీచరు. తర్వాత చులాలో అడ్వాన్స్‌డ్ మెట్లు రెండు, పది వారాలు. ఆఖరి రోజులు చియాంగ్ మైలో, తరగతి లేకుండా, ఏదైనా గుడిలోనో సంతలోనో. చియాంగ్ మైతో మొదలుపెట్టి బ్యాంకాక్‌కు వచ్చినవాళ్లను చూశాను, వాళ్లకు రెండూ కలగాపులగం అయ్యాయి. ఉద్యోగానికి కాగితం కావాలంటే చులా నడిపే సీయూ-టీఎఫ్‌ఎల్ పరీక్ష రాయవచ్చు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం విడివిడిగా చూస్తారు. మనవాళ్లకు మొదటిదాంట్లో ఎక్కువ, చివరిదాంట్లో తక్కువ వస్తే ఆశ్చర్యపోవద్దు.

ఎక్కడ చేరినా ఏడాది ఫీజు ముందే కట్టకండి. ఒక డెమో క్లాసు అడగండి, ఎవరైనా ఇస్తారు. ఆ గంటలో కావాలనే పెద్దమ్మ బదులు బట్ట అనండి, దగ్గరికి బదులు దూరం అనండి. టీచరు నవ్వి 'చాలా బాగా మాట్లాడుతున్నారు' అంటే మీరూ దణ్ణం పెట్టి వచ్చేయండి. మాట మధ్యలో ఆపి, ముఖం ముందు కాగితం ముక్క పట్టుకుని, అది కదిలేలా 'ఫా', కదలకుండా 'పా' అని పదిసార్లు అనిపిస్తే అక్కడ డబ్బు కట్టండి.